నా రక్తంలో నా పరిశోధనాంశం

ఆస్పత్రులలో సోకే ఇన్‌ఫెక్షన్ల మీద, వాటికి కారణమయ్యే బాక్టీరియా మందులకు లొంగకుండా పోయే తీరు మీద పరిశోధన చేయడం నా వృత్తి. మూత్రనాళంలో రాయి అడ్డుపడి శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చినప్పుడు, మూత్రం బయటికి పోవడానికి పెట్టే గొట్టం, అంటే యూరిన్ కాథెటర్, ఎంత ఎక్కువకాలం ఉంటే ఇన్‌ఫెక్షన్ అవకాశం అంత పెరుగుతుందని తెలిసినదాన్ని కనుక, "ఇది ఇంకా అవసరమా అండీ?" అని డ్యూటీ డాక్టరును రోజూ అడుగుతూనే ఉన్నాను. గొట్టం గోడలకు బాక్టీరియా జిగట పొరగా పట్టుకుంటుంది. ఒకసారి ఆ పొర కట్టాక లోపల ఉన్నవాటిని మందు సులభంగా చంపలేదు. గొట్టం తీసేయడానికి ముందే నాకు పళ్లు టకటకలాడేంత చలితో జ్వరం వచ్చింది, రక్తపోటు పడిపోయింది.

రెండు చేతుల నుంచీ రక్తం తీసి, అందులో బాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్షకు పంపి, కాథెటర్ మార్చి, వెంటనే మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. సీసాలో గ్రామ్ నెగటివ్ అనే తరగతికి చెందిన బాక్టీరియా పెరుగుతోందని త్వరగానే తెలిసింది కానీ, అది ఏ మందుకు లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టు రావడానికి ఇంకా సమయం పట్టింది. ల్యాబ్‌లో ఈ వ్యవధిని నేనెప్పుడూ పట్టించుకోలేదు. సాయంత్రం ప్లేట్లు ఇంక్యుబేటర్‌లో పెట్టి ఇంటికి వెళ్లి, పొద్దున వచ్చి చూసుకునేదాన్ని. అదే రాత్రిని ఐసీయూ మంచం మీద గడపడం వేరు. మందు పడుతున్నా జ్వరం దిగకపోతుంటే, రిపోర్టు రాకముందే నాకు సగం అర్థమైపోయింది.

వచ్చిన రిపోర్టులో ఎన్‌డీఎం ఎంజైమును తయారుచేసే క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బాక్టీరియా అని ఉంది. 2009లో తొలిసారి వర్ణించిన ఈ ఎంజైము మెరోపెనెమ్ వంటి కార్బపెనెమ్ మందులను ముక్కలు చేసి పనికిరాకుండా చేస్తుంది. పైగా దాని జన్యువు సాధారణంగా ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం మీద ఉంటుంది కనుక ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి, వేరే జాతికి కూడా, సులువుగా చేరగలదు. మిగిలిన దారుల్లో కొలిస్టిన్ ఒకటి. మూత్రపిండాలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు దాదాపుగా పక్కన పెట్టేసి, వేరే గతిలేక మళ్లీ బయటికి తీసిన పాత మందు అది. మూత్రపిండాల పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ అప్పటికే నాకు పెరిగి ఉండడంతో డాక్టరు దాని వైపు మొగ్గలేదు. అజ్‌ట్రియోనామ్ అనే మరో యాంటీబయాటిక్‌ను ఎన్‌డీఎం విరగ్గొట్టలేదు. అయితే అదే బాక్టీరియాలో తరచుగా ఉండే ఇతర ఎంజైములు విరగ్గొడతాయి. ఆ ఎంజైములను అవిబాక్టామ్ అనే మందు అడ్డుకుంటుంది. అందుకని సెఫ్టాజిడిమ్-అవిబాక్టామ్‌తో పాటు అజ్‌ట్రియోనామ్ ఇచ్చారు. విద్యార్థులకు బోర్డు మీద గీసి చూపే ఈ ఏర్పాటే నా చేతికున్న సూదిలోంచి చుక్కలు చుక్కలుగా దిగుతుంటే, బొమ్మలో ఏ బాణాన్నైనా తప్పు గీశానేమోనని అనుమానం వచ్చింది.

నన్ను విడి గదికి మార్చారు. లోపలికి వచ్చే ప్రతివారూ గౌను, గ్లవ్స్ తొడుక్కోవాలి, వెళ్లేటప్పుడు వాటిని విప్పి చేతులు కడుక్కోవాలి. రాత్రిపూట ఒక్క నర్సే ఎందరినో చూసుకోవలసి రావడాన్ని అక్కడినుంచి గమనించాను. చేతులు కడుక్కోకపోవడాన్ని నిర్లక్ష్యంగా లెక్కగట్టే మా పరిశోధన పత్రాలు, ఆ వార్డులో ఎందరు సిబ్బంది ఉన్నారన్నది కూడా పక్కనే రాయాలని నా అభిప్రాయం.

జ్వరం తగ్గింది, తరువాతి కల్చర్లలో ఏమీ పెరగలేదు. నీరసం మాత్రం చాలాకాలం వదలలేదు. మెట్లు ఎక్కాలంటే మధ్యలో కూర్చోవలసి వచ్చేది. ఆ తరువాత చేసిన పరీక్షలో నా పేగుల్లో ఆ బాక్టీరియా ఇంకా ఉందని తేలింది. అది అక్కడ ఉన్నంత మాత్రాన జబ్బు కాదు, దాన్ని పోగొట్టడానికి మందులు వాడమని సాధారణంగా సిఫారసు చేయరు; చాలామందిలో నెలలు గడిచేకొద్దీ దానంతట అదే పోతుంది, కొందరిలో ఏడాది దాటినా ఉంటుంది. 2019లో మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా 12.7 లక్షల మంది మరణించారన్న అంచనాతో నా ఉపన్యాసాలు మొదలయ్యేవి. బతికి బయటపడి, బాక్టీరియాను మోస్తూ తిరిగే నాలాంటివారు ఆ అంకెలో లేరు.

మిగిలిన రాయి కోసం మళ్లీ ఆస్పత్రికి వెళ్లవలసి వచ్చినప్పుడు, పాత రిపోర్టు నకలును అడ్మిషన్ కౌంటర్‌లోనే ఇచ్చాను. ముందుగా మూత్రం కల్చర్ చేసి, శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే యాంటీబయాటిక్‌ను దాని ప్రకారం ఎంచుకున్నారు. థియేటర్‌ను శుభ్రం చేయడానికి వ్యవధి ఉండేలా ఆ రోజు జాబితాలో నన్ను చివరి కేసుగా పెట్టమని నేనే అడిగాను. వారు అప్పటికే అలా పెట్టి ఉంచారు.