రింగు కొన ఎటు చూస్తోంది

ఒంగోలు, బుధవారం.

పొద్దున ఏడింటికే బండి తీశాను. రోహిణి కార్తె, తొమ్మిది దాటితే సీటు మీద చెయ్యి పెట్టలేం. దానికి తోడు మంగమూరు రోడ్డు వైపు మూడు సెంట్లలో కడుతున్న ఒక ఇంటికి ఈ రోజు స్లాబ్ పోస్తున్నారని రాత్రి తెలిసింది. కాంక్రీటు కలిపే మిల్లరు తిరగడం మొదలైందంటే ఇక అక్కడ చూడ్డానికి ఏమీ మిగలదు.

వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీగా నా పని, ప్లాన్‌లో ఉన్నట్టే కడుతున్నారా లేదా చూడడం. రోడ్డు వైపు ఎంత వదిలారు, పక్కల ఎంత వదిలారు, ఎత్తెంత, అంతస్తులెన్ని, ఇంకుడు గుంత తవ్వారా. ఇవన్నీ టేపుకు దొరికేవి, ఫోటోలో కనపడేవి. పిల్లర్లో ఇనుము ఎలా కట్టారు, బీములో రాడ్ల చుట్టూ కట్టే ఇనుప రింగులు ఎలా వంచారు అన్నది డ్రాయింగు మీద సంతకం పెట్టిన ఇంజనీరు బాధ్యత. చాలా ఇళ్ల దగ్గర ఆ సంతకం వస్తుంది, మనిషి రాడు.

నేను కనిగిరి వైపు బేల్దారి మేస్త్రీ కూతుర్ని. మా నాన్న పదిహేనేళ్లు హైదరాబాదులో స్లాబులు పోశాడు. సెలవులకు వెళ్లినప్పుడు రాడ్ల కుప్ప పక్కన కూర్చునే నేను హోంవర్క్ రాసుకున్నాను. అందుకని సెంట్రింగ్, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా కింద మోసే రేకులూ కర్రలూ, ఎక్కితే నా కళ్లు టేపు మీద ఆగవు, రింగుల మీదికి పోతాయి.

నేను వెళ్లేసరికి మిల్లరు దించి పెట్టారు, ఇంకా స్టార్ట్ చేయలేదు. ఇంటాయన టిఫిన్ బండి నడుపుతాడు. నన్ను చూడగానే ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. ఈ ఉద్యోగంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. నా మెడలో ఐడీ కార్డు కనిపిస్తే మనుషులకు ముందు గుర్తొచ్చేది డబ్బు. "ఏమీ వద్దండీ, కొలతలు చూసి వెళ్తాను" అన్నాను. ఆ చెయ్యి కిందికి దిగడానికి కాస్త టైమ్ పట్టింది.

ప్లాన్‌లో పక్కల మీటరు చొప్పున ఖాళీ ఉంది. కింద గోడల దగ్గర కొలిస్తే సరిగ్గా మీటరే. పైన సెంట్రింగ్ రేకులు మాత్రం తూర్పు పక్క గోడ దాటి ముందుకొచ్చాయి. టేపు వదిలితే ప్రహరీకి, రేకు అంచుకు మధ్య 62 సెంటీమీటర్లు. పై గది కాస్త పెద్దగా వస్తుందని ఎవరో సలహా ఇచ్చారట. రేపు పక్కవాళ్లు కూడా అలాగే ముందుకొస్తే ఆ సందులోకి గాలి రాదు, అగ్గి పడితే ఒక మనిషి నిచ్చెన పట్టుకుని లోపలికి దూరలేడు. ఇది పోస్తే, ఇల్లు ప్లాన్ ప్రకారం కట్టారు, కాపురం ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాదని చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. బ్యాంకు లోను ఉందట. మేస్త్రీ పెద్దమనిషి, గొడవ పెట్టుకోలేదు. "గంటన్నరలో వెనక్కి జరుపుతాం అమ్మా" అని మనుషుల్ని పైకి పంపాడు.

నాకు కావలసింది ఆ గంటన్నరే.

సెంట్రింగ్ మీద మోకాళ్ల మీద కూర్చుని బీములోకి తొంగి చూశాను. రింగులన్నీ లంబకోణంలో వంచి ఉన్నాయి. కొన రాడ్డు వెంబడే సాగి బీము అంచున ఆగిపోయింది. ఆ కొన 135 డిగ్రీలు వంగి బీము కడుపులోకి చూడాలి. 8 ఎంఎం రింగుకు ఆ కొన పొడవు కనీసం రెండున్నర అంగుళాలు ఉండాలి. ఇంత చిన్న వంపు గురించి ఎందుకు మాట్లాడుతున్నానో మేస్త్రీకి చెప్పడానికి జేబులోంచి పెన్సిలు తీసి ఆయన చూపుడువేలికి ఆనించి, రెండిటి చుట్టూ దారం చుట్టాను. ఒకసారి కొన బయట వదిలేశాను, ఇంకోసారి వేలి కిందికి దోపాను. లాగి చూడమన్నాను. మొదటిది జారిపోయింది, రెండోది బిగిసింది. భూమి ఊగినప్పుడు ముందు రాలేది పైన ఉన్న కాంక్రీటు పొర. లంబకోణం కొన ఆ పొరను పట్టుకునే నిలబడి ఉంటుంది, పొర రాలితే రింగు తెరుచుకుంటుంది, లోపలి పొడవాటి రాడ్లు బయటికి ఉబ్బుతాయి. లోపలికి వంగిన కొనను నడిమి కాంక్రీటు వదలదు.

"ముప్ఫై ఏళ్లుగా ఇట్నే వంచుతున్నాం అమ్మా, ఒక్కటీ పడలా" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. ఆ ముప్ఫై ఏళ్లలో ఒంగోలుకు గట్టి కుదుపు రాలేదు కూడా.

గుమ్మం దగ్గర నులక మంచం మీద ఇంటాయన తల్లి కూర్చుని ఉంది. మా మాటలు విని, "నేను కాపురానికొచ్చిన కొత్తల్లో ఊగింది అమ్మాయ్" అంది. ఉట్టి మీద పాలకుండ గోడకు కొట్టుకుని పగిలిందట. అందరూ వీధిలో పడుకున్నారట. ఆమె చెబుతున్నది 1967 మార్చి నాటి ఒంగోలు భూకంపం, 5.4 తీవ్రతది. అప్పటి ఇళ్లు చాలావరకు పెంకుటిళ్లు, పూరిళ్లు. ఇప్పుడు అదే నేల మీద అంతస్తు మీద అంతస్తు లేస్తోంది. భూకంపాల పటంలో మేం మూడో జోన్‌లో, అంటే ఓ మోస్తరు ముప్పున్న చోట, ఉన్నాం. 2024 డిసెంబర్‌లో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో మూడు రోజులు వరసగా నేల కదిలి జనం ఇళ్లలోంచి పరుగెత్తారు. మేస్త్రీ బంధువులు ముండ్లమూరులో ఉన్నారట. ఆ పేరు వినగానే ఆయన పెన్సిలు నా చేతిలో పెట్టి, రాడ్‌బెండింగ్ కుర్రాణ్ణి పిలిచాడు.

రింగుల విషయంలో నేను ఆర్డర్ వేయలేను. అడగడమే నా చేతిలో ఉంది. రేకు వెనక్కి జరపమనే అధికారం నాకుంది, ఆ కొన లోపలికి వంచమనే అధికారం లేదు. ఇంటాయనతో అదే చెప్పాను. "మేడమ్, మీ ఇల్లయితే ఏం చేస్తారు?" అన్నాడు. వంపిస్తాను అన్నాను. "అయితే వంపించండి" అన్నాడు.

కుర్రాడికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. వంచే ఇనప కీ తీసుకుని ఒక్కొక్క కొనకు తగిలించి లోపలికి నొక్కుతుంటే కట్టుతీగ కిర్రుమంది. మొదటి పది చేతకాక తిట్టుకున్నాడు. తర్వాత చెయ్యి పడింది. బీములు, పిల్లర్లు కలిసే చోట్ల ముందు చేయమన్నాను, ఎక్కువ దెబ్బ తినేది అక్కడే. అన్నీ అవ్వలేదు. మధ్యలో కొన్ని అలాగే ఉండిపోయాయి. కింది పిల్లర్లు ఎప్పుడో పోసేశారు, వాటి లోపల ఏముందో ఇక ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రోజంతా నన్ను వదల్లేదు.

స్లాబ్ ఇనుము కింద కంకర రాళ్లు పెట్టారు. అవి పక్కకు దొర్లితే రాడ్డు రేకుకు ఆనిపోతుంది, కాంక్రీటు కప్పదు. కొత్తపట్నం సముద్రం దగ్గరే, ఇక్కడ ఇనుము తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు. రాడ్డును రేకుకు ఎడంగా నిలిపే కవరింగ్ బిళ్లలు తెప్పించమంటే ఇంటాయన కొడుకు సైకిలు మీద వెళ్లి సంచీ నిండా తెచ్చాడు. డ్రమ్ములో నీళ్లు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూశాను. నాన్న అలాగే చూసేవాడు. మా ఊళ్లో బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పన. ఇనుము ఉన్న కాంక్రీటుకు లీటరు నీళ్లలో 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడ్ ఉండకూడదు. నాలుకతో అది తేలదు, కానీ ఉప్పు బోరయితే తెలిసిపోతుంది. ఇవి ట్యాంకర్ నీళ్లు, చప్పగా ఉన్నాయి. ప్రాణం కుదుటపడింది.

పదింబావుకి కొబ్బరికాయ కొట్టి మిల్లరు తిప్పారు. మొదటి తట్ట ఈశాన్యంలో పడింది. ఆ రింగుల కొనలు ఒక్కొక్కటే బూడిదరంగు ముద్దలోకి దిగిపోతుంటే చివరిది మునిగేదాకా నిలబడ్డాను. ముసలమ్మ మజ్జిగ ఇచ్చింది, అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ. అది తాగాను.

మధ్యాహ్నం సచివాలయంలో రెండు ఫిర్యాదులు. ఒకటి పక్కింటి మెట్లు సైడు కాలువ మీదికి వచ్చాయని. రెండోది పోతురాజు కాలువ గట్టున కొత్తగా లేస్తున్న గోడ. మెట్లాయన ఒప్పుకున్నాడు, రెండు రోజులు గడువు అడిగాడు. గోడ దగ్గర మాత్రం ఎవరూ లేరు, ఇటుకలు మాత్రం తడిగా ఉన్నాయి. గట్టి వాన పడితే ఆ కాలువ నీళ్లు ఎవరి ఇళ్లలోకి పోతాయో ఆ వీధిలో అందరికీ తెలుసు. ఫోటో తీసి పైకి పంపాను. రేపు మళ్లీ వెళ్లాలి.

సాయంత్రం పొద్దుటి ఇంటి ఫోటోలు అప్‌లోడ్ చేశాను. ముందు, వెనక, రెండు పక్కలు. తూర్పు పక్క ఇప్పుడు మీటరు ఉంది. రింగు కొన ఫోటో ఒకటి ఫోన్‌లో మిగిలింది, అది నాన్నకు పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. వంపు బాగుందని అనలేదు. "సెంట్రింగ్ ఎప్పుడు ఇప్పుతారంట?" అని అడిగాడు.

ఆ మాట నేను అడగనే లేదు. వెంటనే మేస్త్రీకి ఫోన్ చేశాను. సెంట్రింగ్ సామాను వేరే సైటుకు కావాలి, వారానికే తీద్దామనుకుంటున్నాడు. బీముల కింద 14 రోజులు ఉండాలని, ఈ ఎండకు స్లాబ్ మీద మళ్లు కట్టి పొద్దునా సాయంత్రం నీళ్లు నిలబెట్టమని చెప్పాను. సరే అన్నాడు. వచ్చే బుధవారం కాక ఆ పై బుధవారం కింద క్యాలెండర్‌లో గీత గీశాను. నడుమ ఆదివారం ఒకసారి అటు వెళ్లి మళ్లలో నీళ్లున్నాయో లేదో చూసి రావాలి.