ఆయిల్ మార్చడమంటే ఆ ఒక్క బోల్టే

నా స్ప్లెండర్ బైకుకు నాలుగేళ్ల నుంచి ఇంజిన్ ఆయిల్ నేనే మారుస్తున్నా. అనంతపురం నుంచి ధర్మవరానికి రోజూ పోయి రావాలి, నెలన్నర తిరిగేసరికి మూడు వేల కిలోమీటర్లు అయిపోతాయి. డబ్బు మిగుల్చుకుందామని కాదు. ఒకసారి ఓ షెడ్డులో పిల్లోడు పానాకు పైపు తొడిగి మరీ డ్రెయిన్ బోల్టు, అంటే పాత ఆయిల్ దించడానికి విప్పే బోల్టు, బిగించాడు. బోల్టు ఇనుము, అది దిగే ఇంజిన్ అడుగు అల్యూమినియం. మరలు పోయేది ఇంజిన్‌వే. అప్పటినుంచి పొద్దున్నే బండి కింద రూపాయి బిళ్లంత మరక. మళ్లీ మర కోయించేసరికి చేతి చమురు బాగానే వదిలింది.

మొదటిసారి నేనూ తక్కువ పని చేయలేదు. బోల్టు ఇంజిన్ అడుగున నేలచూపు చూస్తుంటుంది. నేనేమో పైనుంచి వంగి, మామూలుగా నట్టు విప్పినట్టే ఎడమకు తిప్పుతున్నా. రాదే! పక్కన మంచం మీద కూర్చున్న నాయన కాసేపు చూసి, "ఏమిరా, ఇప్పుతాండావా, బిగిస్తాండావా?" అన్నాడు. తల కిందికి పెట్టి చూస్తే అర్థమైంది. పైనుంచి చూసేవాడికి అది గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. బండి మెయిన్ స్టాండ్ వేసి, మూడు నాలుగు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపుతా. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే మడ్డితో సహా చారులా దిగుతుంది. బాగా కాలితే చేతులు కాలతాయి. కింద అట్టముక్క, దాని మీద అడ్డంగా కోసిన ఐదు లీటర్ల శెనక్కాయల నూనె క్యాన్, క్యాన్ మీద పాత టీ జాలి. 17 నంబర్ రింగ్ పానాతో వదులు చేసి, చివరి మరలు వేళ్లతో బోల్టును పైకి నొక్కిపెడుతూ తిప్పుతా. ఊడిందనగానే చేయి చటుక్కున పక్కకు లాగాలి. జారినా బోల్టు జాలిలోనే పడుతుంది, నల్లటి ఆయిల్‌లో చేయిపెట్టి దేవులాడే పని ఉండదు.

వాషర్ కొత్తది వేస్తా. పదో ఇరవయ్యో, దాని దగ్గర పిసినారితనం వద్దు. బోల్టు వేళ్లతో ఎక్కినంత ఎక్కించి, పానాను పొట్టిగా పట్టుకుని బిగిస్తా, పైపు జోలికి పోను.

పోయడానికి సగానికి కోసిన నీళ్ల బాటిలే గరాటు. ఆయిల్ చిక్కదనం 10డబ్ల్యూ30, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండాలి, అది బైకు క్లచ్‌కు పనికొచ్చే ఆయిల్ అని గుర్తు. బైకులో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. లీటరు మొత్తం ఒకేసారి వంచను. కొంచెం మిగిల్చి, రెండు నిమిషాలు స్టార్ట్ చేసి, ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలాగి డిప్‌స్టిక్, అంటే ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల, తీసి చూస్తా. మర బిగించకుండా ఊరికే ఆనించి తీయాలి, బిగించి చూస్తే ఎక్కువున్నట్టు కనపడుతుంది. ఈ బండికి పేపర్ ఫిల్టర్ లేదు. క్లచ్ కవర్ లోపల తిరిగే ఫిల్టర్ ఉంటుంది, అది మెకానిక్ పనే.

పాత ఆయిల్‌ను కొత్త ఆయిల్ ఖాళీ డబ్బాలోకే వంచి మెకానిక్ డ్రమ్ములో పోసి వస్తా. చెదలకు వాసాలకు పూస్తానని జేజి అడుగుతుంది గానీ ఇవ్వను. అది ఒంటికి అంటితే మంచిది కాదు, కాలవలో పోస్తే నీళ్లు పాడు.

అట్టముక్క మాత్రం రాత్రంతా బండి కిందే ఉంచుతా. పొద్దున లేచి పళ్లు తోముకుంటూ మొదట దాన్నే చూస్తా.