పరుగుతో వచ్చే కాలినొప్పి: కారణం ఎక్కడ వెతకాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ మైదానాలలో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు సాధన చేసే అబ్బాయిలకు 2022 నోటిఫికేషన్‌లోని 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్ల లెక్క కంఠతా వచ్చు. ఆ సమయాన్ని అందుకోవాలని పరుగును ఒక్కసారిగా పెంచినవారిలో కొందరికి మోకాలి కింద నొప్పి మొదలవుతుంది. ఇంట్లో ‘పిక్క పట్టింది’ అని నూనె రాస్తారు, తగ్గకపోతే ఎక్స్‌రే తీయిస్తారు, అందులో ఏమీ లేదంటే మళ్లీ పరుగుకు పంపుతారు. పరుగుతో వచ్చే నొప్పిని బల్లపై పడుకోబెట్టి మాత్రమే పరీక్షిస్తే కారణం చాలాసార్లు చిక్కదని ఫిజియోథెరపిస్టుగా నా అభిప్రాయం.

కాలి ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో నొక్కుతూ కిందికి వస్తే, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా పొడవునా నొప్పి ఉండి, ఒళ్లు వేడెక్కాక అది కొంత సర్దుకుంటే సాధారణంగా షిన్ స్ప్లింట్స్ (పరుగు ఒత్తిడికి కాలి ఎముక అంచు నొప్పెట్టడం) అనుకోవచ్చు. అలా కాక రూపాయి బిళ్లంత చోట వేలు పడగానే కాలు వెనక్కి లాక్కుంటే, నడకలోనూ రాత్రిపూట కూడా నొప్పి వదలకపోతే, స్ట్రెస్ ఫ్రాక్చర్‌ను, అంటే పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని చీలికను అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాల్లో అది ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు గనుక, అనుమానం బలంగా ఉంటే ఎమ్మారై అవసరమవుతుంది. నెలసరి సక్రమంగా వస్తున్నదా, కడుపునిండా తింటున్నావా అని ఆడపిల్లలను అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. ఎముక బలహీనపడటానికి కారణం తరచుగా అక్కడే దొరుకుతుంది.

పరీక్షలో ఎక్కువగా తప్పిపోయేది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్, అంటే పరుగులో కాలి కండరాల అరల్లో ఒత్తిడి పెరిగిపోవడం. ప్రతిసారీ దాదాపు అంతే దూరం పరుగెత్తాక కాలి ముందుభాగం బిగిసిపోయి, పాదం తిమ్మిరెక్కి, ఆగిన కాసేపటికే అంతా సర్దుకుంటుంది కాబట్టి, ఆటో దిగి క్లినిక్‌లోకి వచ్చే కాలిలో ఏ లోపమూ కనిపించదు. అందుకే నొప్పి వచ్చేదాకా పరుగెత్తించి, కండరాల్లోని ఒత్తిడిని సూదితో కొలుస్తారు. పరుగుకు ముందు 15, ఆగిన నిమిషానికి 30, అయిదు నిమిషాలకు 20 మి.మీ. పాదరసం అని పెడోవిట్జ్ అనే పరిశోధకుడి పేరుతో ఉన్న హద్దుల్లో ఏ ఒక్కదాన్ని అందుకున్నా రోగాన్ని సూచిస్తుంది. అయితే ఆ అంకెలనూ రోగి చెప్పిన వివరాలతో సరిపోల్చుకోవాలి.

పిక్క పట్టేసి పాదం చల్లబడుతుంటే, మోకాలి వెనుక రక్తనాళాన్ని కండరం నొక్కుతున్నదేమో చూడాలి. పాదాన్ని కిందికి వంచి నొక్కిపట్టినప్పుడు నాడి అందకపోతే అది అనుమానానికి ఆధారమే గాని, ఆరోగ్యవంతులలోనూ అలా జరగవచ్చు గనుక డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూసే స్కాన్) తప్పదు.

పరుగుతో సంబంధం లేకుండా రాత్రుళ్లు నిద్ర లేపే నొప్పి, మోకాలి దగ్గర వాపు ఉన్న పిల్లలకు మాత్రం ఎముక కణితి కాదని తేల్చుకోవడానికి వెంటనే ఎక్స్‌రే తీయించాలి.