రాత్రి పూట ఎవరుంటారు?

డిమెన్షియా (జ్ఞాపకం, తెలివిడి తగ్గిపోయే జబ్బు) ఉన్న మనిషిని ఉంచి చూసుకునే హోమ్ చూడటానికి వెళ్తే సాయంత్రం ఆరు దాటాక వెళ్ళండి. వాళ్ళు పొద్దున పదకొండింటికి రమ్మంటారు. అప్పుడూ వెళ్ళండి, గదులూ బాత్‌రూములూ చూసుకోండి. నిర్ణయం మాత్రం ఆ పూట చేయకండి. మా పెద్దమ్మ కోసం బెంగళూరులో తిరిగినన్నాళ్ళూ నాకు గట్టిగా తెలిసొచ్చింది ఇదే. ఆఫీసులోనో అపార్ట్‌మెంట్‌లోనో ఎవరో ఒకరు ‘మా నాన్నకీ ఇట్లాగే ఉంది, మీరు ఏమేం చూశారు?’ అని అడుగుతున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కల టీచరు. సర్వీసంతా ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఊళ్ళలోనే చేసింది. పెళ్ళి చేసుకోలేదు. నా కాలేజీ ఫీజులు చాలావరకు తనే కట్టింది. రిటైరయ్యాక మారతహళ్ళిలో మాతోనే ఉంది. నిమ్హాన్స్‌లో చూపిస్తే అల్జీమర్స్ అన్నారు, డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అదే. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు ఇంట్లోనే బాగానే గడిచింది.

కష్టమంతా సాయంత్రాలతో మొదలైంది. ఐదు దాటితే చాలు, సంచి భుజానికి తగిలించుకుని తలుపు దగ్గర నిలబడేది. సంచిలో ఒక తువ్వాలు, కళ్ళజోడు డబ్బా, ఎర్ర పెన్ను. ‘ఆరున్నర బస్సు పోతే మల్ల లేదు పాపా, తలుపు తియ్యి’ అనేది. ఎప్పుడో తను పనిచేసిన ఊరి నుంచి ప్రొద్దుటూరికి వచ్చే ఆఖరి బస్సు అది. చీకటి పడే వేళకు కలవరం పెరగడం ఈ జబ్బులో చాలామందికి ఉంటుంది, డాక్టర్లు సన్‌డౌనింగ్ అంటారు. పగలంతా నెమ్మదిగా ఉన్న మనిషి ఆ వేళకు ఏడుస్తుంది, అరుస్తుంది, మనల్ని తోసేస్తుంది. నిద్ర కూడా తారుమారైంది. ఒక రాత్రి రెండింటికి లిఫ్టులో కిందికి దిగి గేటు దాటబోతుంటే సెక్యూరిటీ అబ్బాయి చూసి ఫోన్ చేశాడు. ఏజెన్సీ పంపిన నైట్ అటెండెంట్లు ఎవరూ నిలకడగా ఉండేవాళ్ళు కాదు. నాకూ మా ఆయనకూ ఉద్యోగాలు, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. హోమ్ అనే మాట మా ఇంట్లోకి అట్లా వచ్చింది.

బంధువుల్లో కొందరు ‘ఆశ్రమంలో పడేస్తున్నారంట’ అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. 2023లో వెలువడిన అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటిన వాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. వాళ్ళలో ఎక్కువమందిని ఇళ్ళల్లో ఆడవాళ్ళే చూసుకుంటున్నారు, నిద్ర మానుకుని. మాట అన్నవాళ్ళు ఒక్క రాత్రైనా పెద్దమ్మ పక్కన మేలుకుని ఉంటే ఆ మాట అనేవాళ్ళు కాదని నా నమ్మకం.

మొదట చూసింది వైట్‌ఫీల్డ్ వైపు ఒక పెద్ద హోమ్. పేరు రాయను. లోపలికి వెళ్ళగానే చల్లటి రిసెప్షన్, చేపల తొట్టి, ఫిజియోథెరపీ గది, మేడ మీద తోట. మార్కెటింగ్ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. నెలవారీ కార్యక్రమాల పట్టిక చూపించింది: భజన, యోగా, రంగోలి. తెలుగు మాట్లాడే ఆయమ్మ ఉందా అని అడిగితే వెంటనే పిలిపించింది. నిజంగానే ఉంది. మా అమ్మ ముఖం అక్కడే విప్పారింది.

తెలుగు ఎందుకు అడిగానంటే, పెద్దమ్మ ఇక్కడికొచ్చిన కొత్తలోనే కన్నడ పట్టేసింది, కూరగాయల వాళ్ళతో బేరాలు కూడా ఆడేది. జబ్బు ముదిరేకొద్దీ చాలామందిలో తర్వాత నేర్చుకున్న భాషలు ముందు జారిపోతాయి. ఇప్పుడు తనకు తెలుగు ఒక్కటే మిగిలింది, అదీ కడప తెలుగు. ‘ఒంటికి పోవాల’ అంటే బాత్‌రూముకు తీసుకెళ్ళమని. పక్కనున్న మనిషికి అది అర్థం కాకపోతే పక్క తడుస్తుంది. రెండుసార్లు తడిస్తే డైపర్ వేస్తారు. డైపర్ అలవాటు చేశాక మళ్ళీ బాత్‌రూముకు నడిపించే ఓపిక ఎవరికీ ఉండదు. నడవడం తగ్గుతుంది, తర్వాత కాళ్ళు పట్టేస్తాయి. ఒక్క చిన్న మాట తెలియకపోతే మనిషి మంచాన పడే దాకా వెళ్ళొచ్చు.

అదే హోమ్‌కు ఇంకో రోజు ఆఫీసు నుంచి వస్తూ ఏడింటికి వెళ్ళాను, చెప్పకుండానే. రిసెప్షన్‌లో ఎవరూ లేరు. మొదటిసారి చూసిన తెలుగు ఆయమ్మ డ్యూటీ దిగి వెళ్ళిపోయింది. హాల్లో టీవీ గట్టిగా పెట్టి ఉంది, ఎదురుగా పెద్దవాళ్ళు కుర్చీల్లో వరసగా ఉన్నారు. ఒక తాతగారు లేవబోయి ఆగిపోయారు. ఎందుకా అని చూస్తే నడుము చుట్టూ గుడ్డ బెల్టు, కుర్చీ వెనక ముడి. పక్కన ఇంకో ఆవిడకూ అంతే. ఇద్దరు కుర్రాళ్ళు భోజనం ట్రేలు సర్దుతున్నారు. వాళ్ళది ఒడిశా, హిందీ మాత్రమే వచ్చు. ఆ అంతస్తులో సుమారు ముప్ఫై మందికి రాత్రంతా ఆ ఇద్దరే, ఒక నర్సు కింద అంతస్తులో. బెల్టు గురించి అడిగితే నర్సు ‘పడిపోకుండా మేడమ్, రాత్రి స్టాఫ్ తక్కువ కదా’ అంది. ఆమెను తప్పుపట్టను, ఆ పరిస్థితిలో పెట్టింది యాజమాన్యం.

ఇంటికి వచ్చి చదివితే తెలిసింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనుషుల్ని ఇట్లా కట్టేయడం గురించి విడిగా చెప్పింది. ప్రాణానికో ఒంటికో ముంచుకొచ్చిన హాని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితోనే కట్టాలి. శిక్షగా కట్టకూడదు. సిబ్బంది తక్కువ ఉన్నారన్న కారణంతో అసలే కట్టకూడదు. కట్టిన ప్రతిసారీ పేషెంట్ తరఫున నామినేట్ అయిన మనిషికి ఇరవై నాలుగు గంటల్లో చెప్పాలి. ఇది ఆ చట్టం కింద రిజిస్టరైన సంస్థలకు వర్తిస్తుంది. అందుకే ఆ తర్వాత ప్రతి చోటా రిజిస్ట్రేషన్ ఏ చట్టం కింద ఉందని అడిగాను. చాలామంది మేనేజర్లు ఆ ప్రశ్నకు ఇబ్బంది పడ్డారు.

ఇంకో హోమ్‌లో ఎవరినీ కట్టేయమని గర్వంగా చెప్పారు. మరి రాత్రి తిరిగేవాళ్ళను ఎట్లా చూస్తారంటే, ‘ఎనిమిదింటికి టాబ్లెట్ ఇచ్చేస్తాం, పొద్దున దాకా డిస్టర్బెన్స్ ఉండదు’ అన్నాడు సూపర్‌వైజర్. అందరికీనా అంటే ‘ఆల్మోస్ట్’ అన్నాడు. కలవరం తగ్గించడానికి ఇచ్చే క్వెటియాపిన్ లాంటి మందులు డిమెన్షియాలో అవసరం పడతాయి, కాదనను. పెద్దమ్మకే మా డాక్టరు కొన్నాళ్ళు చిన్న డోసు ఇచ్చారు. కానీ ఈ రకం మందులు డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళలో మరణాల ప్రమాదం పెంచుతున్నాయని అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరిక పెట్టించింది. మత్తుగా లేచిన మనిషి పడిపోతే తుంటి విరుగుతుంది. మత్తులో తినిపిస్తే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాబట్టి మందు ఎవరు రాస్తారు, ఎన్నాళ్ళకు, మళ్ళీ ఎప్పుడు చూసి తగ్గిస్తారు, నాకు చెప్పకుండా మొదలుపెడతారా అని అడిగి జవాబు పేపర్ మీద తీసుకోవాలి. అందరికీ ఒకే టైముకు టాబ్లెట్ పడే చోటు నుంచి మేం తిరిగొచ్చేశాం.

నేను అన్నిచోట్లా అడిగిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ‘మామూలుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి ఒక రాత్రి బాగా తికమకపడి, కలవరిస్తే ముందు ఏం చేస్తారు?’ యూరిన్ ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడో నొప్పి, ఒంట్లో నీళ్ళు తగ్గడం, వీటిలో ఏదైనా పెద్దవాళ్ళను ఒక్కరోజులో అట్లా చేసేస్తుంది. వాళ్ళు అది నోటితో చెప్పలేరు. ‘జ్వరం చూస్తాం, యూరిన్ టెస్ట్‌కు పంపుతాం, మీకు ఫోన్ చేస్తాం’ అనే నర్సు దొరికితే సగం టెన్షన్ పోతుంది. ‘జబ్బు ముదిరింది కదా మేడమ్, అంతే’ అన్నవాళ్ళే ఎక్కువ.

హెన్నూరు దాటాక ఉన్న హోమ్ చూడ్డానికి సాదాసీదాగా ఉంది. పాత రెండంతస్తుల ఇల్లు, గోడల రంగు వెలిసింది, వెనక చిన్న పెరడు, చుట్టూ తిరగడానికి దారి. ఫోన్‌లోనే చెప్పాను, సాయంత్రం వస్తాను, పెద్దమ్మను కూడా తీసుకొస్తాను, ఎనిమిది దాకా కూర్చుంటాను అని. సరే రండి అన్నారు. వేరే చోట్ల అట్లా ఒప్పుకోలేదు.

మేం వెళ్ళేసరికి ఆరు. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పెద్దమ్మ అప్పటికే విసిగిపోయి ఉంది. లోపలికి అడుగుపెట్టగానే సంచి గుండెలకు పట్టుకుని ‘బస్సు పోతాది, బస్సు పోతాది’ అని మళ్ళీ తలుపు వైపు తిరిగింది. ఒక ఆయమ్మ వచ్చింది, నలభై ఏళ్ళుంటాయి. చింతామణి మనిషి. కోలారు, చింతామణి వైపు ఇళ్ళల్లో తెలుగు బాగా మాట్లాడతారు, బెంగళూరులో వెతికేవాళ్ళకు ఇది పనికొచ్చే సంగతి. ఆవిడ తలుపుకు అడ్డం నిలబడలేదు, చెయ్యి పట్టి లాగలేదు. పక్కనే నిలబడి తనూ గేటు వైపు చూసింది. ‘ఏ ఊరి బస్సు టీచరమ్మా?’ అంది. పెద్దమ్మ చెప్పింది. ‘అది ఇంగా రాలేదు. వస్తే హారన్ కొడ్తాడు కదా, అంతదంకా కూసుందాం రాండి, కాళ్ళు నొస్తాయి’ అని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది. టీచరమ్మ అని నేను చెప్పలేదు, అడ్మిషన్ ఫారం చూసొచ్చింది. కాసేపటికి పప్పన్నం గిన్నె తెచ్చి తనూ పక్కనే కూర్చుని చిన్న ముద్దలు పెట్టింది. ఒక్కో ముద్ద మింగిందో లేదో గొంతు చూసి ఇంకొకటి. జర్మనీలో కొన్ని వృద్ధుల హోమ్‌ల ముందు బస్సులు రాని బస్టాపులు కట్టారని చదివాను. ఇంటికి పోవాలని కంగారుపడేవాళ్ళను అక్కడ కూర్చోబెట్టి, మనసు కుదుటపడ్డాక లోపలికి తీసుకెళ్తారట. ఈవిడ అవేమీ చదవలేదు. ‘మా అవ్వకీ ఇట్లే ఉండె మేడమ్’ అంది.

వెంటనే అడిగాను, రాత్రి మీరు ఉంటారా అని. వారం పగలు, వారం రాత్రి అంది. మరి ఆవిడ పగలు ఉన్న వారంలో రాత్రికి ఎవరు? మేనేజర్ డ్యూటీ చార్టు తెచ్చి చూపించారు. రాత్రికి పన్నెండు మందికి ఇద్దరు ఆయమ్మలు, ఒక నర్సు. రెండో జట్టులో శ్రీనివాసపురం అమ్మాయి ఉంది, తనకూ తెలుగు వచ్చు. రాత్రి రిజిస్టర్ అడిగితే కాదనలేదు. పేర్లు చేత్తో కప్పి పేజీలు తిప్పారు: ఎవరిని ఎన్నింటికి బాత్‌రూముకు తీసుకెళ్ళారు, ఎవరు ఎంతసేపు నడిచారు, ఎవరు పాలు తాగారు, మంచం పట్టినవాళ్ళను ఎన్నింటికి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పారు. చేతిరాతలు వేరువేరుగా ఉన్నాయి, టైములు గజిబిజిగా ఉన్నాయి, కొట్టివేతలు ఉన్నాయి. వైట్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ ప్రింటులో ప్రతి రెండు గంటలకూ ఒకే వాక్యం ఉండేది. నాకు ఈ గజిబిజి మీద నమ్మకం కుదిరింది.

డబ్బు సంగతి త్వరగా చెప్తాను. మేం చూసిన చోట్ల నెలకు 45,000 నుంచి లక్ష పైదాకా అడిగారు. డైపర్లు, మందులు, డాక్టరు విజిట్, ఆసుపత్రిలో తోడుండే మనిషి, ఇవన్నీ విడిగానా కలిపా అని తేల్చుకోకపోతే చెప్పిన అంకె ఎందుకూ పనికిరాదు. పెద్దమ్మ పెన్షన్‌కు మేం కొంత కలిపితే సరిపోతోంది. పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా అనుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. రాసిచ్చిన మనిషి తన మంచిచెడ్డలు తెలుసుకోలేని స్థితికి వస్తే మామూలు పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు. బ్యాంకు పనులు జబ్బు తొలిదశలోనే, ఆ మనిషికి తెలివిడి ఉండగానే సర్దుకోవాలి.

అగ్రిమెంట్‌లో మాత్రం ఒక షరతు దగ్గర చాలాసేపు కూర్చున్నాం. ‘ప్రవర్తన అదుపు తప్పితే ఏడు రోజుల నోటీసుతో తీసుకెళ్ళాలి’ అని ఉంది. అదుపు తప్పడం ఆ జబ్బులోనే ఉంది కదా, అందుకే కదా మీ దగ్గరికి తెచ్చింది అని అన్నాను. మేనేజర్ వాదించలేదు. ముందు డాక్టరుకు చూపించి, కారణం వెతికి, ఇంటివాళ్ళతో కూర్చుని మాట్లాడాకే నోటీసు, అదీ నెల రోజులు అని పెన్నుతో మార్చి సంతకం పెట్టారు. ఎక్కడైనా ఈ షరతు వెతకండి, ఏదో ఒక రూపంలో ఉంటుంది.

పెద్దమ్మ అక్కడ చేరింది. తన మాటలు, అలవాట్లు ఒక పేజీ రాసి మంచం పక్క గోడకు అంటించాను: ‘ఒంటికి’ అంటే ఏమిటి, లైటు మొత్తం ఆర్పితే భయపడుతుంది, కుడి చెవి సరిగ్గా వినపడదు, బస్సు గురించి అడిగితే రాలేదని చెప్పండి, వెళ్ళిపోయిందని చెప్పొద్దు. కింద అదే కన్నడలో, హిందీలో కూడా రాయించాను. బస్సు మాట ఇంకా వస్తూనే ఉంది సాయంత్రాలు. కొన్ని రోజులు బెంచీ మీద నెమ్మదిగానే కూర్చుంటుందట, కొన్ని రోజులు తోసేసి అరుస్తుందట. అరిచిన రోజు కూడా అరిచిందనే చెప్తున్నారు నాకు, అది నాకు ముఖ్యం.

చింతామణి ఆయమ్మ వచ్చే నెల కూతురి పెళ్ళికి సెలవు పెడుతోంది. ఆ రోజుల్లో రాత్రికి ఎవరొస్తారని అడిగాను. కొత్త మనిషిని ఏజెన్సీ నుంచి తెస్తున్నారట, తెలుగు వచ్చో రాదో ఇంకా చెప్పలేదు. శుక్రవారం ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళి ఆ మనిషిని కలుస్తాను. వీలైతే ఆయమ్మ సెలవులోకి వెళ్ళకముందే ఇద్దరినీ ఒక రాత్రి కలిపి డ్యూటీ వేయమని మేనేజర్‌ను అడగాలనుకుంటున్నాను.