హాల్లో చింతచెట్టు: ఒక ఆయిల్ పెయింటింగ్ డైరీ

జనవరి

మొత్తానికి కొన్నాను. బెంగళూరులో రోడ్డు మీదే బొమ్మలు అమ్మే చిత్రసంతె రోజున కుమారకృపా రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు తిరిగి, హిందూపురం కుర్రాడొకతను వేసిన చింతచెట్టు ముందు ఆగిపోయాను. 36 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు. వేరుశనగ చేను, గట్టు మీద చెట్టు, పైన వాన కురవని తెల్ల మేఘాలు. నేను పుట్టింది అనంతపురంలో, కాపురం విశాఖలో. సముద్రం బొమ్మకు డబ్బులు పెట్టడం దండగ, డాబా ఎక్కితే కనిపిస్తుంది. పదకొండు వేలు చెప్పాడు, తొమ్మిదికి ఇచ్చాడు. ఇంకో వెయ్యి తగ్గేదేమో గానీ రంగుల ట్యూబులు ఎంతో ఒకసారి అడిగి తెలుసుకున్నాక బేరానికి నోరు రాలేదు.

బొమ్మకంటే ముందు దాని వెనకవైపు చూశాను. అది రెండేళ్ల కిందట నేర్చుకున్న పాఠం. ‘చేత్తో వేసిన ఆయిల్ పెయింటింగ్’ అని ఉంటే నమ్మి ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. అది ప్రింటు. దాని మీద పారదర్శకమైన జెల్ పూసి కుంచె గీతల్లా ఎత్తుపల్లాలు తెచ్చారు. ఇప్పుడైతే ఫోన్ టార్చి చాలు. కాన్వాస్‌కు పక్కనుంచి, దాదాపు ఆనించినట్టు వెలుగు వేస్తే మిట్టలన్నీ తేలుతాయి. చేత్తో వేసినదైతే గీత ఎటు పోయిందో రంగూ అటే పోతుంది. ప్రింటులో ఆకు ఒకవైపు, జెల్ గీత ఇంకోవైపు. పది రూపాయల నాణెమంత భూతద్దం పెడితే సన్నటి రంగు చుక్కలు కూడా కనిపిస్తాయి.

ఇలాంటి వేషం కొత్తదేమీ కాదు. మా అత్తగారి దేవుడి గదిలో ఉన్న లక్ష్మీదేవి పటం రవివర్మ బొమ్మకు అచ్చు. ఆయన 1894లో బొంబాయి దగ్గర పెట్టిన ప్రెస్సులో తీసిన అచ్చులను ఓలియోగ్రాఫులు అనేవారు, నూనె రంగుల బొమ్మలా కనిపించేలా చేసేవారు కాబట్టి. కాకపోతే వాళ్లు అచ్చును అచ్చు అనే అమ్మారు.

“ఎప్పుడు పూర్తయింది బాబూ?” అని అడిగితే “డిసెంబరులో మేడమ్, మేఘం ఇంకా పచ్చిగానే ఉంది” అన్నాడు. ఈ మాట దాచకుండా చెప్పినందుకే అతని మీద గురి కుదిరింది. రంగులో ఉండే అవిసె నూనె తడిబట్టలా నీరు ఆవిరై ఆరేది కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని మెల్లగా గట్టిపడుతుంది. మట్టి రంగులు, ముఖ్యంగా అంబర్ అనే ముదురు గోధుమరంగు, తొందరగా ఆరతాయి. టైటానియం తెలుపు ఆలస్యం చేస్తుంది. మందంగా వేస్తే నెలలు పడుతుంది.

చెక్క చట్రం నుంచి విప్పి, ఆరంగుళాల లావు గొట్టానికి బేకింగ్ పేపర్ వేసి, రంగు వైపు బయటికి ఉండేలా చుట్టాడు. రంగు లోపలికి పెడితే చుట్టినప్పుడు పొర నలుగుతుంది, విప్పినప్పుడు సాగి పగులుతుందట.

ఇక్కడిదాకా అంతా బాగుంది. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో ఎవరైనా తగిలిస్తారేమోనని పైన బబుల్ ర్యాప్ గట్టిగా బిగించాను. ఒక కొసన పేపర్ జారింది. ఇంటికొచ్చి విప్పితే మేఘం మీద జానెడు మేర గుండ్రటి గుంటలు వరసగా. బీచిలో పొడి ఇసుక మీద మొదటి చినుకులు పడ్డట్టు. ఏడుపొక్కటే తక్కువ. అతనికి ఫొటో పంపితే “చేత్తో మాత్రం రుద్దకండి మేడమ్” అన్నాడు. రుద్దలేదు. గుంటలు ఇప్పటికీ ఉన్నాయి.

ఫిబ్రవరి

పూర్ణా మార్కెట్ దగ్గర ఫ్రేము కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. కాన్వాస్ బిగించడానికి, ఫ్రేముకు కలిపి 3,200 అయింది. రెండు విషయాలు పట్టుబట్టి చేయించుకున్నాను. ఒకటి, మూలలు జిగురుతో అతికేసిన చట్రం వద్దని, మూలల్లో చిన్న చెక్క చీలలు దిగ్గొట్టే రకం కావాలని. కాన్వాస్ వదులైతే వాటిని కాస్త కొట్టి బిగించుకోవచ్చు. రెండోది, స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు. సముద్రపు గాలికి మా ఊళ్లో మామూలు స్టేపుల్ పిన్ను ఏడాది తిరక్కుండానే తుప్పు పట్టి గుడ్డను తినేస్తుంది. పెద్దాయన కొంచెం గొణిగాడు గానీ తెప్పించాడు.

అద్దం పెట్టించలేదు. “అంత డబ్బు పోసి కొని అద్దం లేకుండా ఎలాగమ్మా?” అని అత్తగారు. పచ్చి రంగు మీద అద్దం ఆనితే అంటుకుంటుంది, పైగా ఆరడానికి గాలి కావాలి కదా అన్నాను. ఒప్పుకోలేదు, ఊరుకున్నారు.

మార్చి

గోడకెక్కింది. సామాను తూచే కొక్కెంతో తూస్తే 3.8 కిలోలు. ఒక్క మేకుకు వేలాడదీస్తే తలుపు వేసినప్పుడల్లా వంకరవుతుంది. ఫ్రేము వెనక రెండు డి-రింగులు (డి అక్షరం ఆకారపు కొక్కేలు), గోడకు 6 ఎం.ఎం. ప్లగ్గులు రెండు, స్క్రూలు రెండు. గ్యాలరీల్లో బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు 57 అంగుళాల ఎత్తులో ఉంచుతారు. మేం దివాను మీదే ఎక్కువ కూర్చుంటాం కాబట్టి 52కు దించాను.

గోడ ఎంపికలోనే తప్పు చేశానని అప్పటికి తెలియదు. వంటింటి పోపు పొగ, దేవుడి గది అగరొత్తుల పొగ రాకుండా చూసుకున్నాను, బాల్కనీ ఎండ తగలకుండా చూసుకున్నాను. అది బయటి గోడ అన్న సంగతి మరిచిపోయాను.

మే

ఆఫీసు నుంచి వచ్చేసరికి చింతమాను మీద అరచేయంత చోట మెరుపు పోయింది.

“దుమ్ము పట్టింది కదమ్మా, తడిగుడ్డతో తుడిచాను” అన్నారు అత్తగారు, ఎంతో మంచి పని చేసినట్టు. గుడ్డకు గోధుమరంగు అంటింది. టర్పెంటైన్ ఎక్కువ కలిపి పలచగా వేసిన చోట రంగును పట్టుకునే నూనె తక్కువ, అందుకే లేచొచ్చింది. ఆవిణ్ని ఏమంటాను? తుడవకూడదని ముందు చెప్పనిది నేనే. “పోనీ కొంచెం కొబ్బరి నూనె రాస్తే మెరుపొస్తుందేమో?” అన్నారు. పరుగెత్తుకెళ్లి ఆపాను. అవిసె నూనెలా కొబ్బరి నూనె ఎన్నటికీ గట్టిపడదు. జిడ్డుగా ఉండిపోయి ఊళ్లో దుమ్మంతా పట్టుకుంటుంది.

హిందూపురం సలహా: ఏమీ రాయొద్దు, చివర్లో వార్నిష్ వేస్తే మెరుపు అంతటా ఒకేలా అవుతుంది, రంగు పోయినచోట అప్పుడు చూద్దాం.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే. రెండంగుళాల మెత్తటి కుంచె, కొత్తది, పొడిది. రెండు నెలలకోసారి, రంగు పెచ్చు లేవలేదని టార్చి వేసి చూసుకున్నాకే, పైనుంచి కిందికి దులపడం. బంగాళదుంప ముక్క, బ్రెడ్డు, అద్దాలు తుడిచే స్ప్రే అంటూ వీడియోల్లో చెప్పేవేవీ దగ్గరికి రానివ్వను.

ఆగస్టు

ఈ నెలది పెద్ద కథ. హాల్లో పెట్టిన తేమ మీటర్ వారమంతా 80 శాతం దాటే ఉంది. కాన్వాస్ కొంచెం వదులైంది. చెక్క చీలలు కొడదామని సుత్తి కూడా తీశాను. ఎందుకైనా మంచిదని హిందూపురం కుర్రాడికి ఫోన్ చేస్తే “వానాకాలంలో వద్దు మేడమ్, చలికాలంలో దానంతటదే బిగుసుకుంటుంది. ఇప్పుడు కొడితే అప్పుడు మరీ లాగేస్తుంది” అన్నాడు.

సుత్తి పక్కన పెట్టి, చీలలు చూద్దామని దించితే వెనకంతా కింది సగంలో తెల్లగా పిండి చల్లినట్టు బూజు. గోడ మీద చెయ్యి పెడితే చల్లగా చెమ్మ. పై చట్రం సందులో రెండు బల్లి గుడ్లు, పక్కన రెట్టలు. ముందువైపు చెట్టు మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

మాస్కు కట్టుకుని, డాబా మెట్ల దగ్గర నీడలో, వెనకవైపు పొడి బ్రష్షుతో బూజు దులిపాను. రెండు రోజులు ఫ్యాను గాలికి ఆరబెట్టాను. ఎండలో పెట్టమని ముగ్గురు చెప్పారు, పెట్టలేదు. తడి మీదున్న గుడ్డ, చెక్క ఒక్కసారిగా ఎండితే పైనున్న రంగు పొర వాటితో సమానంగా కదల్లేక పగులుతుంది. గుడ్లను అత్తగారు కాగితం మీదకు జాగ్రత్తగా ఎత్తి మెట్ల కింద పెట్టొచ్చారు.

తర్వాత లోపలి గోడకు మార్చాను. ఫ్రేము కింది మూలల్లో వెనక అరంగుళం మందం బెండు ముక్కలు అంటించాను, గోడకూ బొమ్మకూ మధ్య గాలి ఆడేలా. వెనక ముడతల ప్లాస్టిక్ షీటు స్క్రూలతో బిగించి, గాలికి చేసిన రంధ్రాలకు దోమల జాలీ అతికించాను. అన్నీ కలిపి 240 రూపాయలు. ఇది ఫిబ్రవరిలోనే చేయించుకోవాల్సింది.

బెడ్‌రూమ్‌లో పెడితే ఏసీ ఉంది కదా అన్నారు మావారు. అక్కడ కొలిచాను: రాత్రి 56, ఏసీ ఆపిన మధ్యాహ్నానికి 79. రోజూ అలా ఎక్కిదిగడం కంటే హాలే నయం.

డిసెంబరు

తేమ 65 దగ్గర ఉంటోంది. కాన్వాస్ మళ్లీ బిగుసుకుంది, చీలలు ముట్టుకోలేదు. వెనక బూజు లేదు. కొత్త గోడ మీద ఒక బల్లి తిరుగుతోంది గానీ జాలీ దాటలేదు.

మేఘంలో అన్నిటికంటే మందంగా ఉన్న చోట, ఒక మూలన, గోరుతో మెల్లగా నొక్కాను. జనవరిలో గోరు దిగేది, ఇప్పుడు దిగలేదు. అయినా మందపు రంగుకు ఆరు నెలల నుంచి ఏడాది ఆగమంటారు కాబట్టి సంక్రాంతి వెళ్లాకే వార్నిష్. మళ్లీ తీసేయడానికి వీలయ్యే రకం తెప్పించి పెట్టాను, సీసా బీరువాలో ఉంది. హిందూపురం కుర్రాడు ఈసారి సంతెకు వచ్చేటప్పుడు చింతమాను రంగు కొంచెం కలిపి తెస్తానన్నాడు. మేఘం గుంటలు కూడా సరిచేయనా అని అడిగాడు. వాటిని ఉండనివ్వమన్నాను. అత్తగారు వాటిని వానచినుకులు అంటున్నారు.