అమ్మ చెప్పిన సలుపు, నేను చెప్పిన ఆరు

ఎలుకల గదిలోకి వెళ్ళాక చాలాసేపు నేను ఏ పనీ మొదలుపెట్టను. ఊరికే కూర్చుంటాను. మగవాళ్ళ వాసన తగిలితే చిట్టెలుకలు బెదిరిపోతాయి, ఆ బెదురులో వాటి నొప్పి అణిగిపోతుంది. ఈ సంగతి 2014లో ఇక్కడ కెనడాలో, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో జెఫ్రీ మోగిల్ బృందం బయటపెట్టింది. మగవాళ్ళు వేసుకుని విడిచిన టీషర్టు పక్కన పెట్టినా అంతే. అందుకే అవి నాకు అలవాటు పడేదాకా ఆగుతాను.

మాంట్రియల్ వచ్చి ఆరేళ్ళయింది. తలకు దెబ్బ తగిలాక నెలల తరబడి వదలని తలనొప్పి మీద మా ల్యాబ్ పని. చిట్టెలుక జాలీ మీద నిలబడి ఉంటుంది. నేను కింద నుంచి నైలాన్ పోగు దాని పాదానికి ఆనించి, పోగు వంగేదాకా నొక్కుతాను. అన్నిటికన్నా సన్నది 0.008 గ్రాములకే వంగుతుంది. దెబ్బ తగలని ఎలుక పట్టించుకోని పోగుకు కూడా దెబ్బ తిన్న ఎలుక కాలు విదిలించి నాక్కుంటుంది. కంటి పైన నుదుటి దగ్గరా ఇలాగే చూస్తాం. కదిలితే ఇంటూ మార్కు, కదలకపోతే సున్నా. రోజంతా ఇదే రాస్తాను.

మెదడుకు నొప్పి తెలియదు. వైల్డర్ పెన్‌ఫీల్డ్ ఈ ఊళ్ళోనే, రోగులు మెలకువగా ఉండి మాట్లాడుతుండగా వాళ్ళ మెదడును తాకుతూ ఆపరేషన్లు చేశాడు. నేను నడిచి వెళ్ళే రోడ్డుకు ఆయన పేరే పెట్టారు. నొప్పి తెలిసేది మెదడు మీది పొరలకు, అక్కడి రక్తనాళాలకు. ఆ కబురు మోసేది ట్రైజెమినల్ అనే నరం. దాని కొసల నుంచి సీజీఆర్‌పీ అనే పదార్థం ఊరుతుంది. దాన్ని అడ్డుకునే మొదటి మైగ్రేన్ మందుకు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. దెబ్బ తర్వాతి తలనొప్పిలో సీజీఆర్‌పీ పాత్ర ఎంత అన్నదే మా వెతుకులాట.

ఇదంతా తెలిసిన నేనే పోయిన జనవరిలో తప్పు చేశాను. ఖమ్మం నుంచి వచ్చిన అమ్మ మెట్రో బయట, కంటికి కనపడని మంచు పొర మీద జారి వెల్లకిలా పడింది. ఎమర్జెన్సీలో నర్సు ఫ్రెంచిలో మొదలుపెట్టి, నా మొహం చూసి ఇంగ్లీషుకు మారింది. స్కాన్ నార్మల్. సున్నా నుంచి పది లోపు నొప్పి ఎంత అని డాక్టర్ అడిగాడు.

"నంబరేంది నాన్నా? పొద్దున లేస్తే సలుపుతా ఉంటది. వంగితే పోటు. లైటు పడితే కణతల్లో గుచ్చినట్టుంటది. మిగతా టైమంతా దిమ్ముగా ఉంటది."

నేను "సిక్స్" అన్నాను.

పారాసిటమాల్ రాసి రెండు నిమిషాల్లో పంపేశారు. వాళ్ళ మీద కోపం వచ్చింది కానీ, ఆమె చెప్పిన నాలుగు మాటల్ని ఒక అంకె చేసింది నేనే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మెక్‌గిల్‌లోనే రొనాల్డ్ మెల్జాక్ ఈ అంకెతో తృప్తి పడలేదు. రోగులు వాడే మాటలు పోగుచేసి 1975లో ఒక ప్రశ్నావళి తెచ్చాడు. 78 మాటలు, 20 గుంపులు. కొట్టుకునే నొప్పి వేరు, కాలే నొప్పి వేరు, లాగే నొప్పి వేరు. ఆ కాగితం డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని అమ్మా నేనూ కూర్చున్నాం. సలుపు, పోటు, తీపు, గుంజు, మంట, జివ్వుమనడం... అమ్మ చెప్తుంటే రాసుకుంటూ పోయాను. తీపుకు నాకు ఇంగ్లీషులో ఇప్పటికీ సరైన మాట దొరకలేదు. దిమ్ముకు ఒక వాక్యమే రాయాల్సి వచ్చింది. మనిషి నొప్పి అని చెప్తే దాన్ని గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచనానికి నోట్ చేర్చింది. ఆ నోట్ నేను ఎన్ని ప్రజెంటేషన్లలో చూపించానో!

రెండు వారాల తర్వాత మరో క్లినిక్‌లో అమ్మ మాటలు రాసుకున్న కాగితమే ఇచ్చాను. డాక్టరమ్మ మొత్తం చదివింది. వెలుతురు గురించి, నిద్ర గురించి, మెడ గురించి విడివిడిగా అడిగింది. అమ్మ ఒక్కో ప్రశ్నకూ కణత మీద వేలు పెట్టి చూపిస్తూ జవాబు చెప్పింది. ఈసారి నేను ఒక్క మాటా కుదించలేదు.

మార్చిలో అమ్మ వెళ్ళిపోయింది. నేను ల్యాబ్‌కు బయల్దేరే వేళకు అక్కడ సాయంత్రం, అప్పుడే ఫోన్ చేస్తుంది. "ఇయ్యాల పోటు లేదు, కాస్త దిమ్మే" అంటుంది. తేదీ వేసి రాసుకుంటాను.