టెరియర్ సొరంగం: ఆరు వారాల పని, రాతి సందుల లెక్క

స్థలం గుంటూరు శివారు పొలం, నల్లరేగడి. కుక్క ఆడ జాక్ రస్సెల్ టెరియర్ (బొరియల్లోకి దూరే చిన్న వేటకుక్క జాతి), రెండేళ్లది, 6 కేజీలు, ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత 14 అంగుళాలు. కొండ బొరియల్లోకి వదిలే ఉద్దేశం లేదు. ఏదుపందినో ఉడుమునో వేటాడితే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. దూరి తిరిగి వచ్చే సాధనంతా పూడ్చిన చెక్క సొరంగంలోనే. మరి రాతి గొడవ ఎందుకంటే, మంగళగిరి కొండ పక్కకు నడకకు తీసుకెళ్లిన టెరియర్‌కి చట్టం తెలీదు. ఎలుక వాసన తగిలితే గుండ్ల సందులోకి దూరిపోతుంది.

1–2 వారాలు. 12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, 8×4 షీట్లు మూడు. లోపలి కొలత 9×9 అంగుళాలు, రెండు పక్కలు, ఒక మూత, అడుగున మట్టే. పక్కలు 9 అంగుళాలు, మూత 10. మొదటి రెండు షీట్లలో ఒక్కోదాంట్లో నాలుగు పక్కలు, ఒక మూత వస్తాయి. మూడో షీటులో రెండు మూతలు కోశాక మిగిలింది మలుపులకి. మొత్తం 32 అడుగులు. 4 అడుగుల ముక్కలుగా కోసి, మూతలకు స్క్రూలు లేకుండా పైన పెట్టాలి. కుక్క లోపల ఆగిపోతే స్క్రూడ్రైవర్ వెతుక్కునే టైం ఉండదు. ఇదే కారణంతో మూత మీద మట్టి 3 అంగుళాలు దాటనివ్వలేదు.

మొదటి వానకే తప్పు బయటపడింది. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది. పక్కలు లోపలికి నొక్కుకుపోయి 9 అంగుళాలు ఒకచోట 8కి వచ్చింది. తీసేసి చుట్టూ 4 అంగుళాల మందాన ఇసుక పోశాం, ప్రతి 2 అడుగులకి ఒక అడ్డకర్ర. చెదలకి ఇంజన్ ఆయిల్ పూసే అలవాటు మనవైపు ఉంది. బయటివైపు మాత్రమే. లోపల పూస్తే కుక్క నాకుతుంది.

3–4 వారాలు. ప్రాణమున్న ఎలుక లేదు. జంతువును మరో జంతువు మీదికి వినోదం కోసం ఉసిగొల్పడం 1960 జంతుహింస చట్టానికి విరుద్ధం. ఎలుకల గూట్లోంచి తీసిన గడ్డి చిన్న గుడ్డసంచిలో కట్టి చివర పెడితే చాలు. దూరడం నేర్పక్కర్లేదు, టెరియర్‌కి అది పుట్టుకతోనే వస్తుంది. నేర్పాల్సింది తిరిగి రావడం. 8 అడుగుల తిన్నటి ముక్కలో, చివర మూసి, ఈల ఊదాలి. వచ్చిన ప్రతిసారీ కోడి కార్జం ముక్క. గొంతుతో పిలిస్తే మలుపులో ప్రతిధ్వనిస్తుంది, ఎటు రావాలో తెలీక ఆగిపోతుంది. పదికి పది సార్లు వస్తేనే మలుపు కలపాలి. ఇప్పటికి రెండు మలుపులు, 16 అడుగులు.

5వ వారం, 6 అంగుళాల ఇరుకు. 4 అడుగుల ముక్కను పలకలతో సన్నం చేశాం. 9 అంగుళాల్లో ఈ కుక్క తిరగగలదు, ఇక్కడ వెనక్కి నడవాలి. మొదట 40 సెకన్లు పట్టింది, ఇప్పుడు 12. ఈ పని మొత్తంలో పనికొచ్చే అంకె ఇదొక్కటే అనుకోవచ్చు.

ఎందుకంటే మట్టి బొరియలో ఇరుక్కుంటే కుక్క తానే గీరుకుని దారి చేసుకుంటుంది, పైనుంచి మనం పార వేస్తాం. బండల మధ్య ఈ రెండూ కుదరవు. వాలు సందులోకి దిగేటప్పుడు బరువు సాయపడుతుంది, ఎక్కేటప్పుడు నున్నటి రాతి మీద గోళ్లు పట్టవు. దూరేటప్పుడు రొప్పు ఉండదు. లోపల రొప్పడం మొదలుకాగానే ఛాతీ ఉబ్బి బిగుసుకుంటుంది. వెనక్కి లాగితే మోచేతులు అడ్డం పడతాయి. తోలు కాలర్ రాతి మొనకు తగులుకుంటే అదే ఉరి. అందుకే కొండ దగ్గర గొలుసు విప్పకూడదు. విప్పక తప్పకపోతే కాలర్ కూడా తీసెయ్యాలి.

లొకేటర్ కాలర్ (కుక్క ఎంత దూరంలో ఉందో సిగ్నల్‌తో చూపే మెడపట్టీ) ఉంటే భయం లేదనుకోవడం పొరపాటు. అది చూపే దూరం తిన్నగా కొలిచింది. 6 అడుగులని చూపినా సందు మెలికలు తిరిగి అంతకు రెట్టింపు ఉండొచ్చు. కుక్క పక్కకి ఒరిగితే కాలర్‌లో సిగ్నల్ పంపే తీగచుట్ట దిశ మారి సిగ్నల్ కూడా మారిపోతుంది. మూడు వైపుల నుంచి చూసి సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. మొరుగు మరీ మోసం. లోపల ఒకచోట మొరిగితే నాలుగు సందుల్లోంచి వినిపిస్తుంది.

ఇరుక్కుంటే మొదటి గంట రాయి ముట్టుకోవద్దు. నిశ్శబ్దంగా ఉండి ఈల. తాపీమేస్త్రీ లెవెల్ పైపు సందులోకి దూర్చి నీళ్లు కొద్దికొద్దిగా వదలాలి. దాహం తీరి రొప్పు తగ్గితే చాలాసార్లు అదే వదులవుతుంది. తీయక తప్పకపోతే పైనుంచి కిందికే తీయాలి. పలుగుతో కింది రాయి కదిపితే పై గుండు కూర్చుంటుంది. ప్రతి రాయికీ ముందు సరుగుడు ముక్కలు అడ్డం కొట్టాలి. బ్రేకర్ మెషీన్ వద్దు, అదురుకి సందే మూసుకుపోతుంది. గుండు పెద్దదైతే 101కి (అగ్నిమాపక శాఖ) ఫోన్. వాన తర్వాత అసలు దగ్గరికి పోవద్దు. విజయవాడ కొండల్లో ఖొండలైట్ అనే రాయి ఎండకీ వానకీ చివికి మట్టిగా మారుతుంది, ఆ మట్టి కొట్టుకుపోతే గుండ్లు జారతాయి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో చరియలు ఇళ్ల మీద పడింది భారీ వానలోనే.

పాము సంగతి వేరే. నాగుపాము, రక్తపింజర రెండూ రాతి సందుల్లో ఉంటాయి. కరిస్తే కట్టు కట్టొద్దు, నడిపించొద్దు. ఎత్తుకుని బయల్దేరుతూనే విరుగుడు ఇంజెక్షన్ ఉందో లేదో ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కోవాలి. విజయవాడ వైపు వాళ్లకు గన్నవరం వెటర్నరీ కళాశాల ఉంది. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్‌కి టీకా ఏటా వేయించాలి.

వేసవిలో సాధన ఉదయం 5:30 నుంచి 7 లోపే. ప్రతిసారీ 3 నిమిషాలు, మధ్యలో 10 నిమిషాలు నీడ. కుక్క ఒంటి మామూలు వేడి సుమారు 39 డిగ్రీల సెల్సియస్, 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది. మామూలు నీళ్లు పోసి ఫ్యాను కింద పెట్టి, 39.5కి దిగగానే ఆపాలి.

6వ వారం ఇంకా మిగిలింది: సొరంగం మధ్యలో 8 అంగుళాల మెట్టు. దిగడం ఒక్కసారికే వచ్చేసింది. ఎక్కడానికి కాళ్లు జారుతున్నాయి. మెట్టుకి గోనెపట్టా కొట్టి మొదలుపెట్టాం, రెండు మూడు రోజులకోసారి ఒక్కో అంగుళం గోనె తీసేస్తున్నాం.